తాళాల బాబాయికి పదికి ఆరు

విశ్వవిద్యాలయం,
విద్యార్థి సంక్షేమ విభాగం, మేడమీది గది.
సెలవులు ముగిసిన వారం.

అమ్మమ్మకు, నీ కందిరీగ రాస్తున్నది.

ఉద్యోగంలో చేరాను. ఫోను చేసి చెబుదామంటే నీ చెవులు పూర్తిగా పని మానేశాయి. ఫోనులో టైపు చేసి పంపితే "ఇది ఉత్తరమా, దుకాణం బోర్డా" అని తిడతావు. అందుకని కాగితమే.

గది బాగానే ఉంది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు ఎప్పటివో పరీక్షల టైంటేబుళ్ళు. కిటికీ మూయాలంటే భుజంతో తొయ్యాలి. తోశాక మళ్ళీ తెరవాలంటే

సరే, పని సంగతి చెబుతాను. పోయిన ఏడాది ఇక్కడ ముగ్గురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత ఆరా తీస్తే, ముగ్గురూ ఎవరో ఒకరికి ముందే ఏదో ఒకటి చెప్పారని తేలింది. ఒకమ్మాయి లైబ్రరీ కార్డు తిరిగిచ్చేస్తూ "ఇంక దీంతో పనిలేదండీ" అందట. లైబ్రేరియన్ "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాడట. ఆయన చెడ్డవాడు కాదు, రూలు తెలిసిన మనిషి. ఇప్పుడు లైబ్రరీలో ఎవరైనా కార్డు తిరిగిస్తే ఆయన సంతకం అడగలేకపోతున్నాడు.

అందుకని ఇక్కడ పనిచేసే అందరికీ, ప్రొఫెసర్ల నుంచి బస్సు డ్రైవర్ల దాకా, నేను శిక్షణ ఇవ్వాలి. అలాంటి పిల్లల్ని ఎలా గుర్తుపట్టాలి, ఎలా పలకరించాలి, ఇక్కడ మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి ఎలా తీసుకెళ్ళాలి అని. గుర్తుపట్టడం నేర్పడం తేలికే. అడగడం నేర్పడమే కష్టం. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని మొహం చూసి సూటిగా అడగాలి. ఒక్కరికీ నోరు పెగలదు. లెక్కల ప్రొఫెసరు లేచి, "ఏమ్మా, అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?" అన్నాడు.

"అలా అడిగితే లేవనే అంటారు సార్. మీకు కావలసిన జవాబు మీరే వాళ్ళ చేతిలో పెడుతున్నారు" అన్నాను.

"పోనీ లేవనే అననీ తల్లీ. నేను ఇంటికెళ్ళి నిద్రపోవద్దా?" అన్నాడు.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. హాస్టలు వార్డెనమ్మ మాత్రం నవ్వలేదు. "నా కన్నపిల్లల్నే అలా అడగలేదమ్మా, నాకు నాలుక తిరగదు" అంది.

ఈ ఏడు ఒక్కరు కూడా పోకూడదు అమ్మమ్మా. నాకు నేను పెట్టుకున్న పరీక్ష అది.

నీ కందిరీగ


ఇల్లు, వంటగది బల్ల.
మొదటి వానలు పడిన రోజు.

కందిరీగకు,

ఉత్తరం అందింది. దస్తూరి ఫరవాలేదు. కిటికీ దగ్గర వాక్యం మొదలుపెట్టి గాలికి వదిలేశావు. మిగతా చోట్ల కూడా తొందర కనిపిస్తోంది. పదికి ఏడు.

ముప్పై ఏళ్ళు పేపర్లు దిద్దినదాన్ని, అందులో సగం కాలం బడి నడిపినదాన్ని. కాబట్టి నీ పని గురించి రెండు మాటలు చెప్పే అర్హత నాకు ఉందనుకుంటాను. నోటికి రాకూడని మాటలు కొన్ని ఉంటాయి. నువ్వు పెద్దవాళ్ళ చేత అలవాటు చేయిస్తున్న ప్రశ్న వాటిలో మొదటిది. లేని ఆలోచన అడిగితే పుట్టదా? నివురు కింద నిప్పు ఉందో లేదో అని ఊది చూసేవాడు, ఇల్లు అంటుకున్నాక నేను ఊరికే చూశానంటే ఎవరు ఊరుకుంటారు?

నా బడిలో ఏడ్చే పిల్లను నేను ఎందుకేడుస్తున్నావని అడగలేదు. ముఖం కడుక్కుని రమ్మన్నాను, వచ్చాక ఒక లెక్క ఇచ్చాను. లెక్క చేస్తూ చేస్తూ ఏడుపు మరిచిపోయేవాళ్ళు. అందరూ పెరిగి పెద్దవాళ్ళై బాగానే ఉన్నారు, నాకు తెలిసినంతవరకు.

మీ అమ్మ పోయినప్పుడు నీకూ అంతే చేశాను. ముఖం కడిగించి ఎక్కాలు చెప్పించాను. నువ్వేం తక్కువయ్యావు?

వేళకు తిను. కిటికీకి వడ్రంగిని పిలిపించు. భుజం కిటికీలు మూయడానికి కాదు.

అమ్మమ్మ


విశ్వవిద్యాలయం, మేడమీది గది.
మొదటి బృందం శిక్షణ ముగిసిన రోజు.

అమ్మమ్మకు,

నువ్వన్న నిప్పు మాట ఇక్కడా అందరూ అంటారు. కానీ అడిగితే ఆలోచన పుట్టదు అమ్మమ్మా. లోపల గడియ వేసుకుని కూర్చున్నవాడికి ఎవరో తలుపు తట్టినట్టు ఉంటుంది, అంతే. చాలామంది "అమ్మయ్య, ఎవరో ఒకరు అడిగారు" అనుకుంటారు. డాక్టరమ్మ రోజూ చూసే సంగతే ఇది.

గుర్తులు కూడా చెబుతాను, నీకు పట్టింపు లేకపోయినా. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తారు. ఎప్పటినుంచో వాయిదా వేసిన పనులు ఒక్కసారిగా చక్కబెడతారు. బాగా కుంగిపోయి ఉన్నవాళ్ళు ఒకరోజు ఉన్నట్టుండి ప్రశాంతంగా అయిపోతారు. ఈ చివరిదే అందరినీ మోసం చేస్తుంది. హమ్మయ్య, తేరుకున్నారు అనుకుంటాం.

ఇవాళ ఒక వింత జరిగింది. ఒకరు విద్యార్థిగా, ఒకరు సిబ్బందిగా వేషం వేసి మాట్లాడుకోవాలి. విద్యార్థి వేషం ఎవరికీ అక్కర్లేదు. అప్పుడు తాళాల బాబాయి లేచాడు. పరీక్ష హాళ్ళు, క్లాసుగదులు అన్నిటి తాళాలూ ఆయన దగ్గరే ఉంటాయి. నడుముకు పెద్ద గుత్తి. ఆయన వస్తున్నాడని ఆయనకంటే ముందు తాళాలు చెబుతాయి. "నేను ఒక్క పూట నిద్రపోతే ఇక్కడి జ్ఞానమంతా వరండాలో నిలబడాలి" అంటూ ఉంటాడు. పోయిన ఏడాది ఆయన భార్య పోయింది. వారం తిరక్కుండా పనిలోకి వచ్చాడని అందరూ మెచ్చుకుంటారు.

వచ్చి కుర్చీలో కూర్చుని, గుత్తి విప్పి బల్ల మీద పెట్టాడు. ఎదురుగా వార్డెనమ్మ. ఏమైంది బాబూ అంది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"ఎవరిమీదా కోపం లేదండీ. ఎవరూ ఏమీ అనలేదు. పొద్దున్నే లేచి చొక్కా తొడుక్కోవాలంటే చెయ్యి ఎత్తాలి కదా, ఆ చెయ్యి ఎత్తడం దగ్గరే రోజంతా అయిపోతోంది. తినడానికి కూర్చుంటే గదిలో నా పళ్ళెం చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. ఆ చప్పుడు వినలేక తినడం మానేశాను."

వార్డెనమ్మ కళ్ళు తుడుచుకుని, తడబడకుండా అడిగింది. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాయనా?"

"అవునండీ" అన్నాడు.

హాలంతా ఒకటే చప్పట్లు. బాబాయి లేచి దణ్ణం పెట్టి గుత్తి నడుముకు తగిలించుకున్నాడు. "సినిమాల్లోకి వెళ్ళాల్సినవాణ్ణి, తాళాల్లోకి వచ్చాను" అన్నాడు. నేను బోర్డు మీద "అద్భుతం" అని రాశాను.

ఇంతకంటే బాగా ఎవరు చేస్తారు చెప్పు? నువ్వైనా పదికి పది వెయ్యక తప్పదు.

నీ కందిరీగ


ఇల్లు, వంటగది బల్ల.
పాలవాడు రాని రోజు.

కందిరీగకు,

ఉత్తరానికి పదికి ఎనిమిది. వాక్యాలు ముగించడం మొదలుపెట్టావు, సంతోషం.

మీ తాళాల బాబాయికి మాత్రం పదికి ఆరే. చప్పట్లు విని మార్కులు వేసేవాళ్ళు పరీక్షాధికారులు కారు. వేషం ఎవరిదో ఆ వేషంలో చివరిదాకా నిలబడాలి. ఆయన వేసింది విద్యార్థి వేషం. విద్యార్థి హాస్టల్లో ఉంటాడు. అక్కడ భోజనాల గదిలో వందల పళ్ళేలు మోగుతుంటాయి. తన పళ్ళెం చప్పుడు ఒక్కటే వినిపించేది ఇంట్లో ఒంటిగా తినేవాడికి. ఇరవై ఏళ్ళవాడికి చొక్కా తొడుక్కోవడానికి చెయ్యి ఎత్తడమూ బరువు కాదు, అది వయసు మీరినవాడి మాట. రెండు తప్పులకు నాలుగు మార్కులు కోశాను. ఈసారి పాత్రను సరిగ్గా ఆలోచించుకుని రమ్మని ఆయనకు చెప్పు.

అయినా ఆ వాక్యం దగ్గర ఆగాను. నాకిప్పుడు ఏ చప్పుడూ లేదు కదా. నా పళ్ళెం మోగుతుందో లేదో నాకు తెలియదు.

వడ్రంగి వచ్చాడా?

అమ్మమ్మ


విశ్వవిద్యాలయం, మేడమీది గది.
రెండో బృందం శిక్షణ ముగిసిన మర్నాడు.

అమ్మమ్మకు,

ముందు మంచి కబురు. వార్డెనమ్మ అడిగింది! వేషం కాదు, నిజంగానే. మూడో అంతస్తు అమ్మాయి ఒకతె రోజూ భోజనానికి రావడం లేదని గమనించి, గదికి వెళ్ళి, మంచం అంచున కూర్చుని, అడగవలసిన మాట అడిగింది. ఆ పిల్ల ఔనంది. వార్డెనమ్మ ఆమె చెయ్యి వదలకుండా డాక్టరమ్మ దగ్గరికి నడిపించుకొచ్చింది, ఇంటివాళ్ళు వచ్చేదాకా పక్కనే కూర్చుంది. ఆ అమ్మాయి ఇప్పుడు మందులు వాడుతోంది. నిన్న వరండాలో కనబడి "వార్డెనమ్మ గురక ఎలా భరించానో నాకే తెలియదు మేడమ్" అంది. నవ్వింది అమ్మమ్మా! నీ మాట తప్పని ఒప్పుకుంటావా లేదా?

రెండోది. తాళాల బాబాయికి నీ తీర్పు వినిపించాను. నాలుగు మార్కులు ఎక్కడ పోయాయో కూడా చెప్పాను, హాస్టల్లో వందల పళ్ళేలు అని. ఒక్క నిమిషం నా మొహంలోకి చూసి, పెద్దగా నవ్వాడు. "మీ అమ్మమ్మగారు గట్టి మనిషమ్మా. దొరికిపోయాను" అన్నాడు. "ఈసారి దిద్దుకుంటానని రాయమ్మా."

దిద్దుకున్నాడు కూడా. రెండో బృందంలో మళ్ళీ ఆయనే విద్యార్థి. పళ్ళెం లేదు, చొక్కా లేదు. తప్పిన పరీక్ష, నాన్న కోపం, గదిలో మాట్లాడని స్నేహితుడు. అచ్చం ఇరవై ఏళ్ళ కుర్రాడే. ఎక్కడా వేలు పెట్టడానికి లేదు. సర్టిఫికెట్టు ఇస్తుంటే "మా అమ్మమ్మ ఇప్పుడు పదికి పది వేస్తుంది బాబాయ్" అన్నాను.

ఈ మధ్య ఆయన హుషారు చూడాలి. ఏళ్ళ తరబడి కలగాపులగంగా ఉన్న తాళాలన్నిటికీ కొత్త చీటీలు రాసి వరసగా మేకులకు తగిలించాడు. గొడుగు గేటు దగ్గరి కాపలామనిషికి ఇచ్చేశాడు. తన గదిలో పెంచుకునే మొక్క కుండీ తెచ్చి నా కిటికీలో పెట్టి, "నీ దగ్గర వెలుతురు బాగుందమ్మా" అన్నాడు. కిటికీ కూడా ఆయనే బాగుచేశాడు. ఇప్పుడు చిటికెన వేలితో మూయొచ్చు. భార్య పోయాక ఇంత తేలిగ్గా ఆయన్ని ఎప్పుడూ చూడలేదని ఆఫీసులో అందరూ అంటున్నారు.

వడ్రంగి అక్కర్లేదు.

నీ కందిరీగ


విశ్వవిద్యాలయం.

అమ్మమ్మా,

తాళాల బాబాయి లేడు.

ఎలాగో రాయను. ఎలాగన్నది ఎవరికీ చెప్పకూడదని నేర్పేది నేనే.

సోమవారం పొద్దున ఏ గదీ తెరుచుకోలేదు. పిల్లలంతా వరండాల్లో నిలబడ్డారు. "జ్ఞానం బయటే ఆగిపోయిందిరోయ్" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. మేడమీదికి నాక్కూడా వినిపించింది. నేనూ నవ్వుకున్నాను. తర్వాత ఆయన ఇంటికి మనిషిని పంపారు.

పళ్ళెం ఆయనదే అమ్మమ్మా. చొక్కా ఆయనదే. అంతమందిలో కూర్చుని, గుత్తి విప్పి పక్కన పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వార్డెనమ్మ అడిగింది. ఔనన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. నువ్వు అది విద్యార్థి మాట కాదని పట్టుకున్నావు. పట్టుకుని మార్కులు కోశావు. నేను వెళ్ళి ఎక్కడ తప్పాడో ఆయనకు చెప్పాను. ఆయన దిద్దుకున్నాడు.

మనిద్దరం కలిసి ఆయనకు దాచుకోవడం నేర్పాం.

నేను పిల్లల కోసం వెతుకుతున్నాను. బోర్డు మీద రాసిన గుర్తులన్నీ నా ఎదురుగా నడిచి వచ్చి, నా కిటికీ బాగుచేసి, కుండీ పెట్టి వెళ్ళాయి. నేను థాంక్స్ చెప్పాను. లైబ్రేరియన్ సంతకం పెట్టమన్నాడు కదా, నేను సర్టిఫికెట్టు ఇచ్చాను. ఆఫీసులో ఒకాయన నా ముందే అన్నాడు, "శిక్షణ తీసుకున్న మనిషేనండీ!" అని.


ఇల్లు, వంటగది బల్ల.

కందిరీగకు,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

ఆ నాలుగు మార్కులు కోసింది నేను. నువ్వు మోసుకెళ్ళావంతే. చూసింది నేను, ఇది ఒంటిగా తినే మనిషి మాట అని కాగితం మీద రాసింది నేను, రాసి కూడా ఆ మనిషి ఎవరని అడగనిది నేను. ముప్పై ఏళ్ళు జవాబుల్లో తప్పులు వెతికిన కళ్ళు ఇవి. జవాబు వెనక మనిషి ఉంటాడని వీటికి అలవాటు కాలేదు. ఈ తప్పు నా పేరున రాసుకో. నీ పేరున వద్దు.

ఇప్పుడు చెయ్యవలసింది చెబుతాను. ముఖం కడుక్కో. వేళకు తిను. పనికి వెళ్ళు. పిల్లలు ఇంకా ఉన్నారు, వాళ్ళకు నువ్వు కావాలి. పనిలో పడితే మనసు దానంతట అదే దారికొస్తుంది.

వెంటనే జవాబు రాయి.

అమ్మమ్మ


ఇల్లు, వంటగది బల్ల.
వాన తెరిపి ఇచ్చాక.

కందిరీగకు,

జవాబు రాలేదు. ఆలస్యమైతే పోస్టువాణ్ణి తిట్టడం నా అలవాటు. ఈసారి తిట్టలేదు. ఆలస్యం అతని వల్ల కాదని తెలుసు.

నా కిందటి ఉత్తరం మనసులో మళ్ళీ చదువుకున్నాను. నువ్వు చెప్పింది విని, మళ్ళీ ముఖం కడుక్కుని లెక్క చెయ్యమన్నాను. చేతులు కాలాక కూడా నాకు తెలిసిన ఆకు అదొక్కటే.

మీ అమ్మ పోయినప్పుడు నువ్వు ఎక్కాలు చెబుతూ పదమూడో ఎక్కం మధ్యలో ఆగిపోయావు. మర్చిపోయావనుకుని నేనే అందించాను. ఇవాళ ఆ సంగతి గుర్తొచ్చింది. నువ్వు ఎక్కం మర్చిపోయి ఆగలేదేమో.

నిన్న తింటూ పళ్ళెం అంచు మీద వేళ్ళు పెట్టి చూశాను, అదురు తెలుస్తుందేమోనని. తెలిసింది.

ఒక్క ముక్క రాయి. వాక్యం ముగించకపోయినా ఫరవాలేదు.

అమ్మమ్మ


విశ్వవిద్యాలయం,
విద్యార్థి సంక్షేమ విభాగం, మేడమీది గది.
గురువారం.

పూజ్యురాలైన అమ్మమ్మకు,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. ఆలస్యానికి క్షమించు. నేను కులాసాగా ఉన్నాను. మొదట్లో చాలా బాధపడ్డాను కానీ, ఇప్పుడు మనసు చాలా తేలిగ్గా ఉంది. నువ్వు దేనికీ దిగులు పెట్టుకోవద్దు. నీ తప్పు ఏమీ లేదు.

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. ఫైళ్ళన్నీ సర్ది వరసగా పెట్టాను. నా తర్వాత వచ్చేవాళ్ళకు వెతుక్కోవలసిన పని ఉండదు. నువ్వు కుట్టిన బొంత వార్డెనమ్మకు ఇచ్చాను. ఆమెకు చలి ఎక్కువ. మొక్క కుండీ డాక్టరమ్మ గదిలో పెట్టాను. నువ్వు నాకిచ్చిన చేతిగడియారం దీనితోపాటు పార్సిలు చేస్తున్నాను. నీ దగ్గర ఉంటేనే దానికి విలువ.

నన్ను పెంచడానికి నువ్వు చాలా కష్టపడ్డావు. దానికి ఎప్పుడూ కృతజ్ఞతలు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో.

ఇట్లు,
నీ మనవరాలు


విశ్వవిద్యాలయం,
నీ గది, బల్లకు ఇవతలి వైపు.

కందిరీగకు,

ఇందాక నేను లోపలికి రాగానే "ఎలా వచ్చావు" అన్నట్టు నీ పెదవులు కదిలాయి. నాకు వినపడదు. నేను మాట్లాడితే ఎంత గట్టిగా అరుస్తానో నాకే తెలియదు. అందుకే నువ్వు ఆ కుర్చీలో కూర్చున్నావు, నేను ఈ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. చదివి, ఈ కాగితం కిందే జవాబు రాయి.

నీ ఉత్తరంలో ఒక్క తప్పూ లేదు. ప్రతి వాక్యం ముగిసింది. చదువుకు ఊరు దాటినప్పటి నుంచి నువ్వు నాకు ఉత్తరాలు రాస్తున్నావు, అలాంటిది ఒక్కటీ రాయలేదు. బొంత ఇచ్చావు, కుండీ ఇచ్చావు, గడియారం పంపావు, ఫైళ్ళు సర్దావు, మనసు తేలిగ్గా ఉందన్నావు. ఇవన్నీ నాకు నేర్పింది నువ్వే, మొదటి బృందం ముగిసిన రోజు ఉత్తరంలో. నాకు పట్టింపు లేకపోయినా అని రాశావు. పట్టించుకున్నాను.

ఉత్తరం చదవగానే పక్కింటి అమ్మాయి చేత మీ వార్డెనమ్మకు ఫోను చేయించాను. నేను వచ్చేదాకా నిన్ను ఒక్క క్షణం వదలవద్దని చెప్పించాను. ఆమె వదల్లేదని, నువ్వు ఆమెను కసురుకున్నావని ఇప్పుడే తెలిసింది. కసురుకుంటే కసురుకున్నావు. ఆమె తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చుంది, నీ బొంత కప్పుకుని.

కిందటిసారి ఒక జవాబుకు మార్కులు వేశాను. ఈసారి వెయ్యను. ఈసారి అడుగుతాను. ఆ ప్రశ్న మొహం చూసి సూటిగా అడగాలని నువ్వే రాశావు. ఇది చదవడం అయ్యాక తల ఎత్తు. నోటితో అడుగుతాను.


అదే గది, బల్లకు అవతలి వైపు.

అమ్మమ్మా,

అడిగావు. ఎంత గట్టిగా అడిగావో నీకు తెలియదు. పక్కగది తలుపు తెరుచుకుంది. మెట్లెక్కుతున్న లెక్కల ప్రొఫెసరు అక్కడే ఆగిపోయాడు. వరండా అంతా విన్నది.

అవును.

ఎప్పటినుంచని అడగకు, నాకు తెలియదు. రోజూ ఆ చప్పట్లు వినిపిస్తాయి. నావి విడిగా వినిపిస్తాయి, నేనే అందరికంటే ముందు కొట్టాను. గదులు ఇప్పుడు ఇంకెవరో తెరుస్తున్నారు. ఆయన రాసిన చీటీలు చూసే తెరుస్తున్నారు. ప్రతి తాళమూ వెంటనే దొరుకుతోందని మెచ్చుకుంటున్నారు. నేను ఎవరిని ఏం అడిగి ఎవరిని ఆపగలను? వార్డెనమ్మ ఆ పిల్లను కాపాడిందని నువ్వంటావు. అది వార్డెనమ్మ చేసింది. నేను చేసింది బాబాయి.

పని లేదు, నిద్ర లేదు, నేను ఉంటే ఎవరికి ఏం

నాకు రాయడం చేతకావడం లేదు


ఇవతలి వైపు.

కందిరీగా,

వాక్యం ముగించలేదు. వద్దు. అలాగే ఉండనీ.

నేను ఇప్పుడు చెప్పవలసిన గొప్ప మాట ఏదో ఉంటుంది. నా దగ్గర లేదు. బాబాయి పోయాడు, అది దిద్దడానికి వీల్లేని తప్పు. నువ్వూ నేనూ దాన్ని బతికినన్నాళ్ళూ మోస్తాం. తగ్గుతుందని నేను అబద్ధం చెప్పను. మోసేవాళ్ళు ఇద్దరు ఉండాలి, అంతే. నువ్వు దించేసి వెళ్ళిపోతే నేనొక్కదాన్ని మొయ్యలేను. ఇది బెదిరింపు కాదు. నా వయసు లెక్క.

ఇక జరగబోయేది విను. డాక్టరమ్మ పైకి వస్తోంది. ఆమె అడిగినవాటికి నిజం చెప్పు. వార్డెనమ్మ కూడా మనతో వస్తుంది, ఆమెకు నేను ఉండమని చెప్పాను, చాలా గట్టిగా చెప్పానట. నీ గడియారం తిరిగి తెచ్చాను. పెట్టుకోమని అడగను, ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను. నేను ఇంటికి వెళ్ళను. నువ్వు పొమ్మన్నా నాకు వినపడదు.

ఇందాక కింద క్యాంటీను నుంచి రెండు పళ్ళేలు తెప్పించాను. భోజనం అందులోనే ఉంది. ముందుకు జరుపుకో.


అవతలి వైపు.

తినాలని లేదు అమ్మమ్మా.


ఇవతలి వైపు.

తినమని అడగలేదు. పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చో, చాలు. నేను తింటాను. నా పళ్ళెం మోగుతుందో లేదో నాకు తెలియదు. నువ్వు విని చెప్పు.